నందికొండ మీద మూడో రాత్రి

మా ఇంటి మిద్దె ఎక్కితే నందికొండ కనబడుతుంది. మాది చిక్కబళ్ళాపురం పక్క పల్లె. అమ్మ పుట్టిల్లు బాగేపల్లి దగ్గర, నాయన వాళ్ళది చింతామణి వైపు. ఇద్దరూ కాపురం పెట్టింది ఇక్కడ. వాన వస్తుందా రాదా అని అమ్మ రోజూ పొద్దున్నే ఆ కొండనే చూసేది. నలభై ఎనిమిదేళ్ళు అట్లా చూసింది. పైకి పోయింది మాత్రం రెండుసార్లో మూడుసార్లో. అదీ పొద్దున పోయి, యోగనందీశ్వరుడికి దండం పెట్టుకుని, మాపుకి దిగి రావడమే.

రాత్రి ఎందుకు ఉండలేదంటే, ఇంట్లో పట్టుపురుగులు. గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు కట్టేదాకా దాదాపు నెల మేపాల. చివరి వారమైతే రాత్రీ పగలూ లేదు. ఆ వారంలో పురుగులు మల్బరీ ఆకు తినే చప్పుడు బయట వాన పడుతున్నట్టే ఉండేది. ఆ చప్పుడు తగ్గితే అమ్మకు మెలకువ వచ్చేది. మేమంతా చదువుకున్నది ఆ గూళ్ళ డబ్బుతోనే.

కొండ కింద నంది పల్లెలో ఉండేది భోగనందీశ్వరుడు, పైన ఉండేది యోగనందీశ్వరుడు. అమ్మ నవ్వుతా అనేది: "కింద భోగం, పైన యోగం. మనకు రెండూ లేవు, మధ్యలో మల్బరీ తోట ఉండాది."

నాయన పోయిన ఏడాదికి తోట గుత్తకిచ్చేశాం. అమ్మ మోకాళ్ళు చూసి డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. "విశ్రాంతంటే ఏం చెయ్యాలప్పా?" అని అడిగింది అమ్మ. మాలో ఎవరికీ జవాబు తెలియలేదు. సంక్రాంతి పోయినాక, వారం మధ్యలో, కొండ మీది గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. అమ్మ ఒక సంచి నిండా పితికిపప్పు, రాగిపిండి పెట్టుకుంది. వద్దంటే వినలేదు.

నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే కాబట్టి పగలంతా జాతర మాదిరే. సాయంత్రం అందరూ దిగిపోయినాక కొండ వేరే కొండ అయిపోతుంది. గాలి, యూకలిప్టస్ చెట్లు, కోతులు, మేము. ఇక్కడికి అలసినవాళ్ళు రావడం పాత మాటే. మైసూరు కమిషనరుగా ఉన్న కబ్బన్ దొర ఎండాకాలం ఇక్కడే గడిపేవాడు. 1927లో గాంధీకి ఆరోగ్యం దెబ్బతింటే నెలన్నర ఇక్కడే ఉన్నాడు. 1936లో మళ్ళీ వచ్చాడు. అమ్మకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఆలోచించింది. "అంతటి మనిషినే పని మాని కూచోమన్నారా?" అంది. అప్పటికి సంచి విప్పలేదు. ఆ రాత్రి వాళ్ళు పెట్టిన అన్నమే తినింది.

మర్నాడు నాలుగింటికే లేచింది, అలవాటు. చీపురు కోసం వెతుకుతుంటే అక్కడి పనివాడు చూసి కన్నడంలో వద్దమ్మా అన్నాడు. అమ్మ కూడా కన్నడంలోనే జవాబిచ్చింది. ఇంతలో అతనికి ఫోనొస్తే ఇంటివాళ్ళతో తెలుగులో మాట్లాడాడు. "ఓరి, నువ్వు మనోడివే!" అంది అమ్మ. చింతామణి పక్క పల్లెట అతనిది. మా వైపు ఇది రోజూ జరిగేదే. తెలుగోళ్ళిద్దరు కన్నడంలో మొదలుపెట్టి, మూడో మాటకు ఒకరినొకరు కనుక్కుంటారు. అతను టీ తెచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో చేసిన టీ తెల్లవారకముందే అమ్మ చేతికి రావడం మేము అంతకు ముందు చూడలేదు.

తెల్లవారేసరికి కింద అంతా మంచు. మా పల్లె లేదు, రోడ్డు లేదు. పక్కన స్కందగిరి నెత్తి ఒక్కటే తేలుతోంది. "సముద్రం ఇట్లే ఉంటుందా?" అడిగింది. ఆమె సముద్రం చూడలేదు. ఈ కొండల్లో పుట్టిన పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని, చిత్రావతి కూడా ఈ వైపు నుంచే పోతుందని చెప్పాం. చిత్రావతి పేరు విని అమ్మ తిరిగి చూసింది. బాగేపల్లిలో ఉన్నప్పుడు ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడిన ఏరు అది. "అయితే మా ఊరికి నీళ్ళు ఇక్కడ్నుంచి వచ్చేవన్నమాట," అని చాలాసేపు ఊరికే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ వలవకుండా, ఏరకుండా.

రెండో రాత్రి తిన్నాక మెల్లగా అడిగింది: "ఇంకో రాత్రి ఉందామా?"

మాకు తెలిసి అమ్మ తనకోసం అడిగిన మొదటి మాట అది. మాకు మర్నాడు ఆఫీసులు, పిల్లలకు బడి. మళ్ళీ వద్దాంలే అన్నాం. "సరేలే," అని సంచి సర్దుకుంది. పితికిపప్పు అట్లే తిరిగి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత ఆమె మోకాళ్ళు ఇంకా మొరాయించాయి. ఈ రోజుకీ పొద్దున్నే మిద్దె మెట్ల దగ్గర నిలబడి కొండ వైపు చూస్తుంది, ఎక్కలేదు. ఇది చదివే మా పిల్లలకు చెప్పేదొకటే: కొండకు పోతే శని, ఆదివారాలు వద్దు, వారం మధ్యలో పోండి, పెద్దవాళ్ళను తీసుకుపోండి, తిరిగొచ్చే రోజు ముందే ఖాయం చేసుకోవద్దండి. మేము ఈ చలికాలం మూడు రాత్రులకు గది అడిగాం. కారు గది వాకిలి దాకా పోతుందా అని కూడా అడిగాం.