రేపల్లె ప్యాసింజర్లో

పొద్దున తెనాలి వెళ్తుంటే ఎదురు సీట్లో ఓ పిల్ల చిన్న నోట్‌బుక్ పట్టుకుని పెదాలు కదుపుతోంది. ఎడమవైపు ఇంగ్లీషు మాటలు, కుడివైపు తెలుగులో అర్థాలు, వచ్చేసినవాటికి ఎర్ర టిక్కు.

"ఎంసెట్‌కా అమ్మా?"
"కాదండీ, క్లాట్‌కి."

లా ఎంట్రన్స్‌కన్నమాట, అదీ సంగతి!
మన ఇంజినీరింగ్ ఎంసెట్‌ (ఇప్పుడు ఈఏపీసెట్) 160 మార్కుల్లో లెక్కలకి 80, ఫిజిక్స్‌కి 40, కెమిస్ట్రీకి 40. ఇంగ్లీషుకి సున్నా.
ఇక తెనాలైనా బాపట్లైనా ఇంటర్లో ఇంగ్లీషు పీరియడ్‌ని పట్టించుకునేదెవరు?
లా చదువుతానన్న పిల్ల మాత్రం ఇలా రైల్లో ఒంటరిగా కుస్తీ పట్టాలి.

పైగా 2020 నుంచి క్లాట్‌లో అన్నీ పాసేజీలే. బట్టీ కన్నా రోజూ పేపర్ చదవడం మేలని సలహా పడేశాను (అడక్కపోయినా).
"రెండూ చేస్తున్నానండీ" అంది, తల కూడా ఎత్తకుండా!

మనవైపు నుంచి లా కాలేజీలకి వెళ్ళినవాళ్ళున్నారా ఇక్కడ? ఇంగ్లీషు ఎలా పట్టారో కాస్త రాయండి.