బీరువాలో లేని స్టెంటు

హైవే ప్రమాదాల కేసులు ఎక్కువగా చేరే హైదరాబాద్ ఆసుపత్రి ఒకదానిలో క్యాథ్ ల్యాబ్ చూడటానికి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు ఎక్స్‌రే యంత్రం మీదికీ సీసపు ఏప్రన్ల మీదికీ పోతాయి గాని, అసలు చూడవలసింది పక్క గదిలోని బీరువా. పై అరల నిండా గుండె స్టెంట్ల డబ్బాలు సైజుల వారీగా పేర్చి ఉన్నాయి. అడుగు అరలో పొడవాటి డబ్బాలు కొన్ని మాత్రమే. చీలిన రక్తనాళాన్ని లోపలి నుంచే మూసే, బెలూన్ అక్కర లేకుండా విచ్చుకునే కవర్డ్ స్టెంట్లు అవి. వాటిలోనూ ఉన్నవి చేతులకు, కాళ్లకు వెళ్లే నాళాల కొలతలే. ఛాతీలోని బృహద్ధమనికి సరిపడేవి కావాలంటే డీలర్‌కు ఫోన్ చేయాలి, అతని మనిషి తెచ్చి ఇవ్వాలి. వారం ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్‌కు ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. అర్ధరాత్రి స్ట్రెచర్ మీద వచ్చినవాడికి మాత్రం ఇది పనికిరాదు. ఈ వైద్యంలో మనకు కొరత పడుతున్నది నైపుణ్యం కన్నా ముందు నిల్వ అని అక్కడే అనిపించింది.

గడువు తీరిన నమూనా ఒకటి టెక్నీషియన్ బల్ల మీద పెట్టారు. వేళ్లతో నొక్కితే అణగిపోయి, వదలగానే పూర్వపు గుండ్రదనానికి వచ్చేస్తోంది. ఇది నిటినాల్ గుణం. నికెల్, టైటానియం దాదాపు సమపాళ్లలో కలిసిన ఈ లోహాన్ని వెలుగులోకి తెచ్చింది అమెరికాలో మేరీలాండ్‌లోని నౌకాదళ ఆయుధ పరిశోధనశాల. మామూలు ఉక్కు ఒక శాతం సాగకముందే శాశ్వతంగా వంగిపోతుంది. ఇది ఎనిమిది శాతం దాకా సాగి కూడా వెనక్కి వస్తుంది. అందుకే సన్నని తొడుగులో కుదించి తొడ దగ్గరి ధమని గుండా పంపుతారు. గాయం దగ్గర తొడుగును వెనక్కి లాగితే చాలు, స్టెంటు విచ్చుకుని గోడకు ఆనుకుంటుంది. దానికి పట్టించిన పాలిస్టర్ లేదా పీటీఎఫ్ఈ పొర చీలికను కప్పేస్తుంది. బెలూన్‌తో తెరిచే స్టెంటు బయటి ఒత్తిడికి నొక్కుకుపోతే అలాగే ఉండిపోతుంది, ఇది తేరుకుంటుంది. ఇదేమీ నిన్న మొన్నటి ఊహ కాదు. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదొస్ స్ప్రింగుతో విచ్చుకునే కృత్రిమ నాళాన్ని ఛాతీ బృహద్ధమనిలో అమర్చారు. ఆ రోగిది వయసుతో వచ్చిన వాపు కాదు, దెబ్బ వల్ల ఏర్పడిన ఉబ్బు. అంటే ఈ విద్య ఛాతీలోకి అడుగుపెట్టిందే గాయం కోసం.

వేగంగా వెళ్తున్న వాహనం ఒక్కసారిగా ఆగిపోతే బృహద్ధమని తరచు ఎడమ చేతి ధమని పుట్టే చోటుకు కాస్త దిగువన చీలుతుంది. అలా చీలినవారిలో నూటికి ఎనభై మందికి పైగా ఆసుపత్రి చేరకముందే చనిపోతారని 1958 నాటి శవపరీక్షల అధ్యయనం చెప్పింది. చేరినవారి సంగతి 2008లో అమెరికన్ ట్రామా సర్జన్ల సంఘం అధ్యయనంలో ఉంది: 193 మందిలో ఛాతీ తెరిచి చేసినచోట మరణాలు 23.5 శాతం, స్టెంటు గ్రాఫ్ట్, అంటే పొర పట్టించిన ఈ స్టెంటు, పెట్టినచోట 7.2 శాతం. ఎవరికి ఏది చేయాలో చీటీ వేసి పంచిన అధ్యయనం కాదు కనుక కొంత తగ్గించి చదవాలి; అయితే ఇతర గాయాల తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచింది. అదే అధ్యయనంలో స్టెంటు పెట్టినవారిలో అయిదో వంతు మందికి ఆ పరికరం వల్లనే ఏదో ఒక చిక్కు వచ్చిందన్నది కూడా దాచకూడదు.

సర్జన్ల అభ్యంతరాలు బలమైనవే. మోకాలి వెనక, తొడ దగ్గర నాళం తెగితే రోగి సొంత సిరతో అతుకు వేయడమే మేలు. కీలు వంగే చోట స్టెంటు విరిగే ప్రమాదం ఉంది, మట్టి పట్టిన గాయంలో చీము పట్టవచ్చు. ఇక్కడ నాకు వారితో పేచీ లేదు. చెయ్యి పెట్టడానికి సందు లేని చోట్లకే, అంటే ఛాతీలోకి, మెడ ఎముక వెనక్కి, స్టెంటు కావాలంటున్నాను. రెండో మాట మందుల గురించి. స్టెంటు మూసుకుపోకుండా రక్తం గడ్డకట్టనివ్వని మందులు ఇస్తారు, తలలో కూడా రక్తస్రావం ఉంటే అవి ముప్పు. చిన్న నాళాల్లో ఇది నిజమైన సంకటం. వెడల్పైన బృహద్ధమనిలో వాటి అవసరం తక్కువ. అన్నిటికన్నా ఆలోచింపజేసేది కొలత. రక్తం పోయి కుంచించుకున్న నాళాన్ని స్కానులో కొలిచి, పదో ఇరవయ్యో శాతం పెద్దది పెడతారు; రక్తం ఎక్కించాక నాళం సాగితే ఆ గ్రాఫ్టు వదులైపోతుంది. పాతికేళ్లవాడి నాళమైతే వయసుతో ఇంకా వెడల్పవుతుంది, అతను ఏళ్ల తరబడి స్కానులకు రావాలి. నిజమే. కానీ స్కానుకు రావాలంటే ముందు ఆ రాత్రి గడవాలి గదా. కొలతలో పొరపాటు పడే అవకాశం ఉన్నప్పుడు పక్క సైజు కూడా చేతికి అందాలి, అది మళ్లీ నిల్వ దగ్గరికే వస్తుంది.

ఇన్ని సైజులు కొనిపెడితే గడువు తీరి కోట్లు వృథా అంటారు ఆసుపత్రుల లెక్కల విభాగం వారు. ప్రతి ఆసుపత్రీ కొంటే అంతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంతమందికీ ఈ స్టెంటు పనికొచ్చేది కాదు, అందుకే కొన్ని కేంద్రాలు చాలు. హైవేల వెంట ఎంచిన చోట్ల పూర్తి సెట్టు ఉంచి, గడువు దగ్గరపడ్డవాటిని బృహద్ధమని వాపులకు ముందే నిర్ణయించిన ఆపరేషన్లలో వాడి, ఖాళీలు నింపుతూ పోతే వృథా చాలా తగ్గుతుంది. ధర మరో అడ్డంకి. స్టెంట్లలో 2017లో కేంద్రం ధరకు పగ్గం వేసింది గుండెవాటికే. గుండె స్టెంట్లను చవగ్గా తయారు చేయడంలో హైదరాబాద్‌కు ముందే అనుభవం ఉంది: రక్షణ పరిశోధనల లోహ విద్యతో అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు కలిసి 1990లలో చవక స్టెంటు తెచ్చారు. నిటినాల్‌లోనూ దారి తెరుచుకుంది. మెదడు నాళాల కోసం తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ, బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ కలిసి రూపొందించిన స్టెంటును 2020లో పుణె కంపెనీకి అప్పగించారు.

బయటికి వచ్చే ముందు స్టాకు రిజిస్టరు తిరగేశాను. వచ్చిన తేదీ, వాడిన తేదీ, గడువు తేదీ ఉన్నాయి. కావాలని అడిగితే దొరకని కేసులకు గడి లేదు. కొనుగోలు కమిటీ చూసేది వాడకం అంకెలే. కొననిదాన్ని ఎవరూ వాడలేరు కనుక, ఏటా అవసరం లేదనే తేలుతుంది. ముందు ఆ గడి చేర్చాలి.