ధవళం... పసుపెక్కితే!

ధవళేశ్వరం. పేరులోనే ధవళం ఉంది. ధవళమంటే తెలుపు. రాజమహేంద్రవరంలో ఆటో ఎక్కితే కాసేపట్లో చేరిపోయే ఈ ఊళ్లోనే, గోదారి గట్టు పక్కన, కాటన్‌ దొర మ్యూజియం ఉంది. 1988లో ప్రారంభమైంది. ఆవరణలో ఆనకట్ట కట్టేటప్పుడు వాడిన పాతకాలపు యంత్రాలు, లోపల ఫొటోలు, పటాలు, ఆనకట్టల నమూనాలు. పిల్లలు ముందు పరుగెత్తేది ఆ నమూనాల దగ్గరకే. బొమ్మలా చిన్నగా ఉంటే ఎంత పెద్ద కట్టడమైనా ఇట్టే అర్థమైపోతుంది మరి!

సర్‌ ఆర్థర్‌ కాటన్‌ 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశారు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... మధ్యలో లంకలు, వాటిని కలుపుతూ నాలుగు భాగాల ఆనకట్ట. కరవుతో, తుపాన్లతో అల్లాడిన డెల్టా అన్నపూర్ణ అయింది దానివల్లే. ఇప్పుడు మనం చూసేది ఆ కట్టడం కాదు. 1970లో మొదలై 1982 నాటికి పూర్తయిన 175 గేట్ల బ్యారేజీ. అంటే పాత ఆనకట్ట ఎలా ఉండేదో మన పిల్లలకు చూపించాలంటే పటాలూ ఫొటోలతో పాటు మిగిలింది నమూనాలే. అందుకే వాటి రంగు మారితే చిన్న విషయం కాదు. గేటు కింద నుంచి దూకే తెల్లటి నురగను చూపాల్సిన చోట పసుపు కనబడితే, అది శ్రావణమాసపు వరదనీరేమో అనుకుంటాడు పిల్లాడు!

తప్పు తెలుపుది కాదు

ఏ ఊరి మ్యూజియంలోనైనా, ఏ ఇంటి షోకేసులోనైనా పాత నమూనాల్ని గమనించండి. ఎరుపూ నీలమూ పెద్దగా మారినట్టు అనిపించవు. తెలుపే పసుపెక్కి కనిపిస్తుంది. ఎందుకని?

నేటి తెల్లరంగుల్లో ఉండే పొడి టైటానియం డయాక్సైడ్‌. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్‌ లాంటి ఖనిజాల నుంచి తీస్తారు దీన్ని. ఈ పొడి ఎన్నేళ్లయినా పసుపెక్కదు. పసుపెక్కేది దాన్ని పట్టి ఉంచే జిగురు. ఆయిల్‌ పెయింటులో అది అవిసె నూనె, ఎనామిల్లో నూనెతో చేసిన ఆల్కైడ్‌ రెజిన్‌. ఇవి నీళ్లలా ఆవిరై ఆరవు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడతాయి. ఆ మార్పు రంగు ఆరాక కూడా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. ఆ క్రమంలో పసుపు పదార్థాలు పుడతాయి. అన్ని రంగుల్లోనూ జరిగేది ఇదే. తెలుపులో మాత్రం దాచుకోవడానికి చోటుండదు... తెల్లపంచె మీద కూర మరకలా! అందుకే చిత్రకారులు తెలుపు కలిపేటప్పుడు అవిసె నూనె బదులు తక్కువ పసుపెక్కే కుసుమ నూనె వాడుతుంటారు.

చీకటే శత్రువు

ఇక్కడే ఉంది అసలు తమాషా. ఎండకు రంగు వెలుస్తుందని మనం నమూనా మీద గుడ్డ కప్పి బీరువాలో పెడతాం. నూనె రంగు పసుపెక్కేది చీకట్లోనే ఎక్కువ! నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనే చూడండి. తెల్ల ఎనామిల్‌ వేసిన తలుపు మీద ఏళ్లుగా వేలాడుతున్న క్యాలెండరు తీయండి. దాని వెనక చోటు మిగతా తలుపు కన్నా పసుపుగా కనిపిస్తుంది. బీరువా తలుపు లోపలి వైపూ అంతే. తేమ, వేడి, పశువులపాక నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి కూడా ఈ పసుపును పెంచుతాయి. దీపం మసి, అగరొత్తుల పొగ పైన పేరుకుంటే చెప్పనక్కర్లేదు.

ప్లాస్టిక్‌దీ థర్మోకోల్‌దీ మరో కథ. వాటికి ఎండే శత్రువు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు అవి పసుపెక్కి పెళుసు బారతాయి. బడి కోసం చేసిన థర్మోకోల్‌ ఆనకట్ట కిటికీ వైపున ముందుగా రంగు మారేది అందుకే.

మరేం చేయాలి?

పసుపెక్కిందని వెంటనే ఎనామిల్‌ డబ్బా తెరవకండి. మళ్లీ కొన్నాళ్లకు అదే కథ. పైగా పాత నమూనా మీద కొత్త పూత వేస్తే, చేసినవారి పనితనం దాని కిందే సమాధి అవుతుంది. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. నూనె రంగో ఎనామిలో అయితే నేరుగా ఎండ తగలని, వెలుతురున్న గదిలో కొన్ని వారాలు ఉంచండి. చీకట్లో వచ్చిన పసుపు కొంతవరకు తగ్గుతుంది. ప్లాస్టిక్‌, థర్మోకోల్‌ అయితే కిటికీకి దూరంగా పెట్టండి. కొత్తగా చేస్తుంటే నీళ్లలో కలిపే అక్రిలిక్‌ తెలుపు వాడండి. దానికి పసుపెక్కే గుణం చాలా తక్కువ. పైన వార్నిష్‌ వేయకండి, అదీ పసుపెక్కేదే.

ఈసారి రాజమహేంద్రవరం వెళ్తే పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్లండి. నమూనా చూశాక గట్టెక్కి బ్యారేజీనీ చూపండి. తాతల నాటి ఆనకట్ట ఎలా ఉండేదో, ఇప్పుడేం మారిందో వాళ్లే చెబుతారు!