వెళ్ళొస్తాను పెద్దమ్మా!

మా చెల్లెలి పురిటికని టోక్యో వెళ్ళాను. రెండో తరగతి చదివే దాని పెద్దవాణ్ణి బడికి తయారుచేయడం నా వంతు. శుక్రవారం వాడు 'ఉవబకి' తెచ్చాడు. అంటే బడి లోపల మాత్రమే తొడుక్కునే బూట్లు. శుభ్రంగా ఉతికి ఆరేశాను. తీరా సోమవారం సంచీలో పెట్టడం మరిచాను! పాపం, పసివాడు రోజంతా పెద్దవాళ్ళ చెప్పులు ఈడ్చుకుంటూ తిరిగాడట. ఇంటికి రాగానే బావురుమన్నాడు. ఇంటికీ బడికీ మధ్య తిరిగే 'రెన్‌రకుచో' పుస్తకంలో టీచరుగారు 'వసురెమొనో' అని రాశారు. మరిచిపోయిన వస్తువు అని అర్థం. నా ప్రాణం చివుక్కుమంది.

ఆ రాత్రే వాణ్ణి గురువుగా పెట్టుకుని మాటలన్నీ తెలుగులో రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాను. 'క్యూషొకు' అంటే బడిలో పెట్టే భోజనం. అది లేని రోజు 'బెంతో', అంటే డబ్బా కట్టివ్వాలి. 'యసుమి' సెలవు.

మర్నాడు గుమ్మంలో వాడు 'ఇత్తెకిమస్' అన్నాడు. 'వెళ్ళి వస్తాను' అనిట! చూశారా, మనలాగే వాళ్ళూ వట్టి 'వెళ్తాను' అనరు. నేనూ 'ఇత్తెరష్షాయ్' అన్నాను, వెళ్ళిరా నాయనా అని. వాడు ఫక్కున నవ్వి, బూట్ల సంచీ ఊపుకుంటూ పరుగెత్తాడు.