త్రిపురాంతకంలో నోరు విప్పిన పాత కారు

శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. ఇద్దర్నీ చూసుకుని, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలని అమ్మ కోరిక. మా బండేమో సెకండ్ హ్యాండ్ మారుతీ 800. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది.

దర్శనాలయ్యాక మెయిన్ రోడ్డెక్కేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి! టెంపరేచర్ ముల్లు మాత్రం అడుగునే పడుకుంది.

ఇంజిన్ చల్లారాక మెకానిక్ అన్న చూశాడు. రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. కరెంటు ఎక్కువ లాగితే ముందు ఫ్యూజ్ కాలిపోవాలి. తీగ కాలదు కాబట్టి ఫ్యాన్ వైరే కాలిపోయింది. ముల్లుకెళ్లే సెన్సర్ వైరు ఎవరో పీకి టేపు చుట్టేశారు.

"ఇది రిపేరు కాదబ్బాయా, బండి నోరు మూయించడం" అన్నాడు.

మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఎర్రర్ మెసేజ్ కనపడకుండా చేసేసి, బగ్ పోయిందనేవాళ్లు ఉంటారు. అక్కడైతే సర్వర్ పడిపోతుంది. ఇక్కడ ఘాట్ మలుపులో అమ్మానాన్నలతో ఆగిపోయేవాళ్లం.

కొత్త వైరు, సరైన ఆంపియర్ల ఫ్యూజ్ వేయించేసరికి పొద్దుపోయింది. ఘాట్ మర్నాటికి వాయిదా. "ద్వారం దగ్గరే ఆపాడు, నయం" అంది అమ్మ.

పాత కారు కొనేముందు ఒక్కటి చూడండి. తాళం తిప్పగానే ఆయిల్, బ్యాటరీ లైట్లు వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగని లైటును చూసి మురిసిపోకండి. అడగాల్సింది దాని గురించే.