పావగడ ఎండలో ఒక మధ్యాహ్నం

పెనుకొండ నుండి బయలుదేరి కర్ణాటకలోని పావగడ చేరేసరికి మధ్యాహ్నమైంది. రాష్ట్రం మారినా, దారి అడిగితే తెలుగులోనే సమాధానం లభించింది. తిరుమణి సమీపంలో కనుచూపు మేర నీలి సౌరఫలకాలే. సుమారు 13,000 ఎకరాలు; 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్లు. వేరుశనగ పైరును మాడ్చిన ఎండే ఇక్కడ పంటగా మారింది. రైతుల భూమిని కొనక, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో ఆరంభించి, రెండేళ్లకొకసారి 5 శాతం పెంచే ఒప్పందమది. వాన కురిసినా, కురవకున్నా రైతుకు రాబడి తప్పదు. ఈ ఏర్పాటును మేము మనసారా మెచ్చుకున్నాము.

టీ కొట్టు వద్ద ఒక వృద్ధురాలు మాత్రం, "భూములుండేవాళ్లకు కౌలొస్తాది. కూలికి పోయేవాళ్లకు ఏమొస్తాది నాయనా?" అని అడిగింది. మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. మేకలు మేసిన బీళ్లకు కంచెలు పడ్డాయి. ఫలకాలపై దుమ్ము కడగడానికి నీరు కావాలి. ఈ కరవుసీమలో అది సామాన్య విషయం కాదు.

పొద్దు గుంకింది, ఉత్పత్తి ఆగింది. ఊళ్లలో దీపాలు వెలిగే వేళ సరిగ్గా అదే! రాత్రి లోటును బొగ్గు కేంద్రాలు ఇంకెంతకాలం పూడ్చాలి, నిల్వ బ్యాటరీల ఖర్చు ఎవరు భరించాలి అని పెనుకొండ వరకు వాదించుకుంటూనే వచ్చాము. ఆ వృద్ధురాలి మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.