మాష్టారి కంప్యూటరులోని పేర్లు



ఈ వారం రాస్తున్నది కంప్యూటరు సంగతి. "అయ్యగారు ఇదెందుకు మొదలుపెట్టారు" అనుకోకండి. ఇది మన సంఘ రిజిస్టరు సంగతి కూడా. అందులో మీ తాతల పేర్లు, నాయనమ్మల పేర్లు ఉన్నాయి. అవన్నీ ఇరవై ఏళ్ల నాటి కంప్యూటరు ఒక్కదానిలోనే ఉండిపోయాయి. వాటిని బయటికి తేవాలంటే ఆ పాతదాన్నీ, ఇప్పటి ల్యాప్‌టాప్‌నూ కలపాలి. ఎలా కలిపామో వివరంగానే చెబుతాను. మీలో కొందరి ఇళ్లలో కూడా అటక మీద ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

చిన్నవాళ్ల కోసం ముందు సంగతి కాస్త చెప్పాలి. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది పోయారు. మర్నాడు ఆదివారం. ఆరాధనకు మన పల్లెలో గుడి లేదు, వచ్చేవాళ్లు లేరు. పాస్టరు గారి ఇంటి గోడతో పాటు సంఘ రిజిస్టరు కూడా కొట్టుకుపోయింది. ఎవరు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరికి ఎవరితో పెళ్లయింది, ఎవరిని ఎక్కడ పాతిపెట్టాం అన్న లెక్క అంతా ఆ రాత్రితో పోయింది.

దాన్ని మళ్లీ కూర్చినవారు మన మాష్టారు. మీలో చాలామందికి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. 2004లో రిటైరయ్యాక విజయవాడ వెళ్లి ఒక కంప్యూటరు కొనుక్కొచ్చుకున్నారు. ఆ వయసులో అను ఫాంట్లతో తెలుగు టైపు నేర్చుకున్నారు. సాయంత్రం పూట పెద్దవాళ్ల అరుగుల మీద కూర్చుని అడిగి రాసుకునేవారు, రాత్రి ఇంటికొచ్చి టైపు చేసేవారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఉప్పెనలో పోయినవాళ్లు, ఇలా ఇంటింటి లెక్క. ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు తర్వాత చెదలు పట్టి పోయాయి. ఆయనకు ఆ పేర్లు చెప్పిన పెద్దల్లో ఇప్పుడు ముగ్గురో నలుగురో మిగిలారు. మాష్టారు ప్రభువు పిలుపందుకుని మూడేళ్లయింది.

ఆ కంప్యూటరు ఆయన గదిలో మూల దుప్పటి కప్పుకుని ఉంది. క్రిస్మసుకు వచ్చిన పిల్లలు పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామన్నారట. అమ్మగారు ఒప్పుకోలేదు. నాతో ఒకటే మాట అన్నారు: "ఆయన పేర్లన్నీ దాంట్లోనే రాశారండి అయ్యగారూ. కావలసినవి తీసుకోండి. దాన్ని మాత్రం విప్పకండి."

అంటే హార్డ్‌డిస్కు ఊడదీసి వేరేదానికి తగిలించే దారి మూసుకుపోయింది. మరి పెన్‌డ్రైవ్? దాని యూఎస్‌బీ రంధ్రాల్లో ఏదీ పనిచేయడం లేదు. కీబోర్డు, మౌసు పాతకాలపు గుండ్రటి పిన్నులవి కాబట్టి అవి బతికున్నాయి. సీడీ డ్రైవు తలుపు తెరుచుకోదు. ఇక మిగిలింది వెనక వైపున్న నెట్‌వర్కు కేబుల్ రంధ్రం ఒక్కటే.

మన యవ్వనస్తుల్లో బీటెక్ చదువుతున్న తమ్ముడొకడు సాయానికి వచ్చాడు. ముందు కరెంటు ఇవ్వకుండానే లోపలికి గాలి పోయే చిల్లుల దగ్గర దుమ్మంతా బ్రష్షుతో దులిపాం. స్విచ్ వేస్తే డబ్బా మానిటరు మీద నల్ల తెర, మీటలు నొక్కమని ఒక ప్రశ్న. లోపల ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. దానివల్ల గడియారం చాలా ఏళ్లు వెనక్కి పోయింది. ఫైళ్లకు దానితో పనిలేదు, అవి డిస్కు మీద భద్రంగా ఉంటాయి. ప్రశ్న దాటి ముందుకెళితే ఆకుపచ్చ కొండ, నీలాకాశం కనబడ్డాయి. విండోస్ ఎక్స్‌పీ. పక్కనే ఉన్న అమ్మగారు చీర కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఇప్పుడు రెండిటినీ కలిపే పని. ఫైబర్ వచ్చాక పక్కన పడేసిన పాత రౌటరు ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని తెచ్చాం. దానికి బయటి లైను ఏదీ తగిలించలేదు. పాత కంప్యూటరుకు ఒక కేబుల్, నా ల్యాప్‌టాప్‌కు ఒక కేబుల్, రెండూ ఆ రౌటరుకే. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేశాం. అంటే ప్రపంచంతో సంబంధం లేని చిన్న నెట్‌వర్కు, అందులో సభ్యులు ఇద్దరే. రౌటరు తనంతట తానే ఇద్దరికీ చెరొక నంబరు ఇచ్చింది: ఒకరికి 192.168.0.100, ఇంకొకరికి 192.168.0.101. ఇంటి నంబర్ల లాంటివే ఇవి. వీధి ఒకటే, తలుపులు వేరు.

పాతదానిలో మాష్టారి ఫోల్డరు మీద కుడి మీట నొక్కి షేరింగ్ పెట్టాం. అక్కడ ఒక గడి ఉంటుంది, నెట్‌వర్కులో ఉన్నవాళ్లు ఫైళ్లు మార్చవచ్చా అని. దానికి టిక్కు పెట్టలేదు. చదువుకోవచ్చు, మార్చకూడదు. పెద్దాయన రాసిన దాని మీద మన చెయ్యి జారి ఏమీ పోకూడదు కదా. తర్వాత ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొట్టి చూశాం. అంటే "ఉన్నావా?" అని పిలవడం. "ఉన్నాను" అని నాలుగుసార్లు జవాబు వచ్చింది.

కాని ఫోల్డరు తెరవబోతే ల్యాప్‌టాప్ ఒప్పుకోలేదు. ఇది పాతబడిన ఎస్‌ఎంబీ1 పద్ధతి, క్షేమం కాదు, కలపను అని తెర మీద రాసింది. కేబుల్ బాగుంది, పిలిస్తే జవాబు వస్తోంది, అయినా మాట కలవడం లేదు.

ఎందుకో ఆ తమ్ముడు చెప్పాడు. విండోస్ కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి చూసుకోవడానికి వాడే భాష పేరు ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి దాని మొదటి రూపం ఒక్కటే వచ్చు. తర్వాతి విండోస్‌లు రెండో రూపం, మూడో రూపం నేర్చుకున్నాయి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు ఆ మొదటి రూపంలో ఉన్న లోపాన్ని పట్టుకుని 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోకి దూరింది. బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయి. మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 నుంచి ఆ పాత భాషను మామూలుగా లేకుండా చేసేశారు. ఎక్స్‌పీకైతే 2014 ఏప్రిల్ 8తోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది.

కాబట్టి ల్యాప్‌టాప్ మొండికేసిందని తిట్టడానికి లేదు. దాని భయానికి కారణం ఉంది. అలాగని పాతదానికి కొత్త భాష నేర్పుదామంటే కుదరదు, దానికి ఆ శక్తి లేదు. రెండు భాషలూ పలకగలిగేది కొత్తది ఒక్కటే. కాబట్టి వంగవలసింది కూడా అదే.

కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్ల జాబితా ఉంటుంది. అందులో ఎస్‌ఎంబీ 1.0 కింద క్లయింట్ అన్నదానికి మాత్రం టిక్కు పెట్టాం. సర్వర్ అన్నదాన్ని ముట్టుకోలేదు. క్లయింట్ అంటే మనం వెళ్లి వాళ్ల తలుపు తట్టడం. సర్వర్ అంటే మన తలుపు తీసి కూర్చోవడం. మనకు కావలసింది మొదటిదే. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాం. బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టి పాతదాని నంబరు రాయగానే మాష్టారి ఫోల్డరు తెరుచుకుంది.

మొత్తం రెండు జీబీల లోపే. ఫొటోలు తీసేస్తే రాతపని అంతా ఒక చిన్న పాటంత చోటు కూడా పట్టదు. పన్నెండేళ్ల సాయంత్రాలు అవి. పావుగంటలో ఇటువైపు వచ్చేశాయి. రెండు వైపులా ఫైళ్ల లెక్క, సైజు సరిచూసుకున్నాం. వెంటనే ఆ ఎస్‌ఎంబీ1 టిక్కు తీసేసి, కేబుళ్లు ఊడదీశాం. ఆ తర్వాతే ల్యాప్‌టాప్‌కు మళ్లీ ఇంటర్నెట్టు ఇచ్చాం. కొత్తది వంగినది ఆ గంట సేపే, అదీ బయటి తలుపులు మూసుకుని.

ప్రియులారా, ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. మన ఇళ్లలో ముసలివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు మనం ఏం కోరుకుంటాం? వాళ్లే మన దారికి రావాలని. ఫోను పట్టుకోవడం రావాలి, వీడియో కాల్ ఎత్తడం రావాలి, చెప్పేది రెండు ముక్కల్లో చెప్పాలి. వాళ్లకేమో ఒక పేరు చెప్పాలంటే ముందు ఆ ఇంటి ముందున్న చింతచెట్టు చెప్పాలి, ఆ ఏడు పండిన పంట చెప్పాలి, అప్పుడు గాని పేరు రాదు. మాష్టారు అరుగుల మీద ఓపికగా కూర్చున్నది అందుకే. చదువుకున్న మనిషి, చదువులేని వాళ్ల మాట వరస పట్టుకుని వెళ్లారు. వాళ్లు ఆయన దగ్గరికి రాలేరు. ఆయన వాళ్ల దగ్గరికి వెళ్లగలరు. వెళ్లారు. మనకోసం దిగివచ్చిన ప్రభువును సేవించే మనకు ఇది కొత్త పాఠం కాదు. అయినా మన ఇంటి మంచం పక్కన మరిచిపోతుంటాం.

ఫైళ్లు వచ్చాక ఇంకొక చిక్కు. తెరిచి చూస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగలిపి పోసినట్టుంది. ఫైలు పాడైందని భయపడనక్కరలేదు. అను ఫాంట్ల కాలంలో తెలుగుకు సొంత స్థానం వాడేవారు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగు, లేనిదానిలో గీతలు. ఇప్పుడు మన ఫోన్లలో చదివే తెలుగు యూనికోడ్, అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. అనును యూనికోడ్‌కు మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మార్చాం. కాని వత్తులు కొన్నిచోట్ల తప్పాయి. పేర్ల విషయంలో ఒక్క వత్తు తప్పినా మనిషే మారిపోతాడు.

అందుకని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. పాత మానిటరు మీద ఎక్స్‌పీలో మాష్టారు టైపు చేసినది చేసినట్టే కనబడుతుంది. అమ్మగారు కళ్లజోడు పెట్టుకుని అక్కడ చూసి పైకి చదివేవారు. తమ్ముడు ఇక్కడ ల్యాప్‌టాప్‌లో సరిదిద్దేవాడు. రెండో సాయంత్రం ఉప్పెనలో పోయినవాళ్ల జాబితా వచ్చింది. ఒక ఇంట్లో ఏడుగురు. తమ్ముడు చెయ్యి ఆపేశాడు. అది వాళ్ల నాన్నమ్మ పుట్టినిల్లట. వాళ్లలో ఒక్క పేరు కూడా వాడు అంతకుముందు వినలేదు. "నాన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదండి అయ్యగారూ" అన్నాడు. అమ్మగారు, "ఎవరూ అడగలేదేమో నాన్నా" అన్నారు.

రెండో రాజుల గ్రంథం ఇరవై రెండో అధ్యాయంలో యోషీయా రాజు కాలంలో మందిరం బాగుచేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఎక్కడో పరదేశంలో కాదు, మందిరంలోనే. హిల్కీయా దాన్ని షాఫానుకు ఇస్తే అతడు రాజు ఎదుట చదివి వినిపించాడు. అంతకాలం అది ఉండీ లేనట్టే. మన పేర్లు కూడా అంతే, మూలన దుప్పటి కింద ఉన్నాయి.

ఇక మీతో రెండు మాటలు. మీ ఇంట్లో పాత కంప్యూటరు ఉంటే, పెద్దవాళ్ల రాతలో ఫొటోలో అందులో ఉంటే, అమ్మేసే ముందు నాకు గాని ఆ తమ్ముడికి గాని కబురు పెట్టండి. దాన్ని ఇంటర్నెట్టుకు మాత్రం తగిలించకండి. పేర్ల జాబితా ఇప్పుడు మూడు చోట్ల ఉంది: నా ల్యాప్‌టాప్‌లో, గుడి బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో, హైదరాబాదులో మాష్టారి అబ్బాయి దగ్గర. కాగితం మీద కూడా అచ్చు వేయిస్తున్నాం.

రెండోది. జాబితాలో తొమ్మిది చోట్ల మాష్టారు ఖాళీ వదిలారు. ఒకచోట "పాప, మూడేళ్లు, పేరు తెలియలేదు" అని ఉంది. ఇంకొకచోట "వలస కూలీ దంపతులు" అని మాత్రమే ఉంది. మీ ఇళ్లలో 1977 నాటికి పదేళ్లు దాటిన పెద్దలు ఉంటే ఈ వారం వాళ్ల పక్కన కూర్చోండి. తొందరపెట్టకుండా, వాళ్ల వరసలోనే చెప్పనివ్వండి. తెలిసిన పేర్లు రాసి పంపండి. నవంబరు 19న గుడిలో ఆ జాబితా మొత్తం పైకి చదువుతాం, చదివేది అమ్మగారు. అప్పటికి ఆ తొమ్మిదిలో ఎన్ని నిండితే అన్ని నింపుదాం.